గతుకు

పర్లాకిమిడి దాటి పాతపట్నం పోయే రోడ్డు మీద
రాష్ట్రం ఎక్కడ మారుతుందో
ఫోనుకి తెలిసేది, మాకు తెలిసేది కాదు.
జేబులో ఒకసారి వణికి స్వాగతం అనేది.
ఎవరూ తీసి చూసేవారు కాదు.
వంకాయలకి అటు, కిరసనాయిలుకి ఇటు,
పెళ్ళిచూపులకి ఎటైనా.

నేను బోర్డులు రాస్తాను. రెండు లిపులూ వచ్చు.
రెండూ గుండ్రమే.
ఒకటి తలకట్టు పెట్టుకుంటుంది, ఒకటి గొడుగేసుకుంటుంది.
కుంచె కడక్కుండానే
ఒకదాన్నించి ఇంకోదాన్లోకి దాటిపోతాను.

ఆ ఏప్రిల్లో పెట్రోలు బంకు నీడలో
మూతులకి తువ్వాళ్ళు చుట్టుకుని నిలబడ్డాం.
సూరత్ నుంచి ఎవడో నడిచొచ్చాడట.
విశాఖపట్నం లారీలో ఎవడో పడుకునొచ్చాడట.
"సెపట లోకే ఆణుఛంతి" అన్నాడు దైతారి బెహరా.
అదే పొద్దు అవతల టీకొట్టు కాడ
"అటేపోళ్ళే అంటించేస్తన్నారు" అన్నాడంట తవిటినాయుడు.
ఇద్దరికీ తర్జుమా అక్కర్లేకపోయింది.

దారి మూసెయ్యాలని దరఖాస్తు పెట్టారు.
పదకొండో సంతకం నాది.
ఇప్పుడు దాచుకోడానికేం లేదు,
మా ఆవిడకి ఉబ్బసం, రాత్రుళ్ళు
దాని ఊపిరి లెక్కపెడుతూ పడుకునేవాణ్ణి.

జేసీబీ వచ్చి తారుని చీల్చింది.
నడుం లోతు గొయ్యి.
ఇటువాళ్ళొక బోర్డు రాయమన్నారు, అటువాళ్ళొకటి.
ఒకే ఎర్ర రంగు డబ్బా. ఇద్దరి దగ్గరా డబ్బు తీసుకున్నాను.
రాశాక చూస్తే,
తెలుగు బోర్డు ఒరియావాళ్ళు పాతారు,
ఒరియా బోర్డు తెలుగువాళ్ళు.
ఎదుటివాడి భాష అంత శ్రద్ధగా
మునుపెప్పుడూ ఎవరూ వాడలేదు.

గున్నమ్మ పాలు అటు, తాగేవాళ్ళు ఇటు.
మూడోనాటికి గోతి మీద
రెండంగుళాల ప్లాస్టిక్ గొట్టం పడింది.
అటు గరాటు, ఇటు గిన్నె.
చిల్లర పసుపునీళ్ళ చెంబులో వేస్తే తాడుతో లాక్కునేది.
తెల్లారగట్ల నాలుగింటికి వరస కట్టినవాళ్ళలో
దరఖాస్తు సంతకాలు ఏడు కనబడ్డాయి.
నాతో ఎనిమిది.
గిన్నెలు పట్టుకునే అనుకుంటున్నాం
ఇంకో నెల దారి తియ్యకూడదని.

"నువ్వేటంటావు గున్నమ్మా, తియ్యాలా ముయ్యాలా?"
"నాకు భయం నేదేటి బాబూ?
మీరు దగ్గితే గొట్టంలోంచి నాకినబడతాది" అంది,
పాల ధార ఆపకుండా.

మే నెలలో ఒక రాత్రి
దైతారి కోడలికి నొప్పులొచ్చాయి.
డాక్టరమ్మ అటు. అంబులెన్సు ఎటూ లేదు.
నా బోర్డుల్లో ఒకదాన్ని పెకలించి
గోతికి అడ్డంగా పరిచారు, అక్షరాలు పైకే.
మడతమంచం మోస్తూ నలుగురు దాటారు.
అవతల అందుకున్నవాడు తవిటినాయుడు.
కాపలా పోలీసు టార్చి ఆర్పేసి
బీడీ వెలిగించుకున్నాడు.
ఆ పూట అభిప్రాయాలు ఎవరూ ఎవర్నీ అడగలేదు.

పొద్దున బోర్డు మళ్ళీ దాని చోట నిలబడే ఉంది.
'ప్రవేశం లేదు'లో
లేదు మీద మట్టికాలి ముద్ర.
కొత్తగా రాసిమ్మంటే
రంగు అయిపోయిందన్నాను.
అయిపోలేదు.

తర్వాత కంకర పోసి గొయ్యి పూడ్చారు.
రెండు వానలకి కంకర కుంగింది.
ఇప్పుడక్కడ ఆటోలు ఎగిరిపడతాయి,
జనం నడుములు పట్టుకుని తిడతారు,
ఎవడు తవ్వించాడ్రా దీన్నని.
"వాళ్ళే" అంటారు అటు, ఇటు.
నేను కిటికీలోంచి బయటికి చూస్తాను.

ఫోను ఇంకా ఆలస్యంగానే స్వాగతం అంటుంది.
గున్నమ్మ మాత్రం, ఎవరితోనో మాట్లాడుతూనే,
గతుకు ఇంకా రాకముందే
కేను మూత మీద చెయ్యి వేసి ఉంచుతుంది.